గోరింటాకు పండని చెయ్యి

ఆదివారం. బయట 49 డిగ్రీలు.

కంప్యూటర్లో నేను రాసేది అసోసియేషన్ వాళ్ళ కోసం. ఈ నోటుపుస్తకం నా కోసం. శ్వేతగిరి టవరుకి తొంభై రెండు అంతస్తులు, గడప మాత్రం ఒక్కటే. ఆ గడపకి ఇన్‌ఛార్జిని నేను, కాత్యాయనిని. తొమ్మిదేళ్ళలో పసుపు రాయకుండా ఒక్కరోజు కూడా తలుపు తెరిపించలేదు.

ఇవాళ గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి ముప్ఫయ్యో అంతస్తుకి వెళ్ళాను. ఆషాఢం కదా, ఆడవాళ్ళకి గోరింటాకు పెట్టించాలని నాకే బుద్ధి పుట్టింది. తోట అంతస్తులో కోసిన ఆకుని నాలుగో అంతస్తు వంటమనిషి బాలమణి మెత్తగా రుబ్బి పెట్టింది. పద్నాలుగు మంది వచ్చారు. రసం మణికట్టు మీదికి కారుతుంది, కంకణాలు పాడవుతాయని గొడవ. స్నానానికి పది నిమిషాలు తప్ప కంకణం తీయకూడదని నియమం. అది నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా "నేనుండగా మీకేం భయం, తీసెయ్యండి" అని అన్నీ ఒక ఇత్తడి పళ్ళెంలో పెట్టించాను.

యాభై ఏడో అంతస్తు సువర్చల అందరినీ నవ్వించింది. ఈత కొలనులో పిల్లలకి ఈత నేర్పే మనిషి, రాయిలా ఉంటుంది. "అక్కా, ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడంటారు కదా, మరి ఉన్నవాణ్ణి ఏం చెయ్యమంటావ్?" అంది. మూడు గిన్నెల పులిహోర తిన్నది కూడా ఆవిడే. ప్రెసిడెంటు చలపతిరావు గారి భార్య మందాకిని మాత్రం గోరింటాకు పెట్టించుకుని ఒక మూల కూర్చుంది, పులిహోర ముట్టలేదు. వాళ్ళ అత్తగారు రెండేళ్ళుగా మంచంలో ఉన్నారు. ఆ చాకిరీతో అలిసిపోయి ఉంటుందనుకున్నాను.

రసం కారడం ఆగింది కానీ చేతుల నిండా ముద్ద ఉంది కాబట్టి కంకణాలు ఎవరికి వారు తొడుక్కోలేరు. నేనే ఒక్కొక్కరికీ తొడిగాను. లోపలి వైపు చెక్కిన పేర్లు చీమ తలకాయంత ఉంటాయి. కళ్ళద్దాలు కింద మర్చిపోయాను. ఫరవాలేదు, పట్టీ రంగు చూస్తే ఏది ఎవరిదో నాకు తెలుస్తుంది.

సోమవారం. 50.

సోమవారం ఉదయం ఆరింటికి కంకణాలు సూది గుచ్చి ఒక చుక్క రక్తం తీస్తాయి. ఆ వారంలో ఎవరికైనా నూకలు చెల్లితే గంట, నిమిషంతో సహా నా బల్ల మీదికి వచ్చేస్తుంది. కాలు జారి పడటం లాంటివి తప్ప అది చెప్పలేనిది లేదు. ఇవాళ ఒక్కటే వచ్చింది. సువర్చల, 57వ అంతస్తు. శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు.

పంచాంగం తీశాను. ధనిష్ఠ. ఆరు నెలల దోషం.

మామూలు ఇంట్లో ధనిష్ఠలో ఎవరైనా పోతే ఆ ఇల్లు ఆరు నెలలు వదిలేసి తాళం వేస్తారు. మా టవరులో అందరం ఒకే గడప దాటుతాం, ఒకే చల్లగాలి పీలుస్తాం, అందుకని ఇదంతా ఒకే ఇల్లని పండితులు తేల్చారు. ఎనిమిదేళ్ళ కిందట నలభయ్యో అంతస్తులో ఒక పెద్దాయన ధనిష్ఠలో పోయారు. తొమ్మిది వందల మందిమి ఆరు నెలలు డేరాల్లో ఉన్నాం. అరవై మూడు మంది ఎండకి పోయారు. వాళ్ళలో మా తమ్ముడు విశ్వం ఒకడు, ముప్ఫై ఒక్కేళ్ళు. ఆ తర్వాతే దించడం మొదలైంది. దోష నక్షత్రంలో పోబోయే మనిషిని నాలుగు గంటల ముందు గడప దాటించి, ఎదురుగా ఉన్న రేకుల పందిట్లో పడుకోబెడతాం. మంచం ఉంటుంది, ఐసు దిమ్మలు పెడతాం. ఇప్పటికి పంతొమ్మిది మందిని దించాను. నాకు జాలి లేదనేవాళ్ళు ఆ డేరాల్లో ఒక్క పూట ఉండి మాట్లాడాలి.

కబురు చెప్పడానికి వెళ్ళాను.

"నాకేం రోగం అక్కా? పొద్దున్నే నలభై రౌండ్లు ఈదొచ్చాను" అంది సువర్చల.

"అందరూ అలాగే అంటారమ్మా."

నేను కాగితం తీసేలోపే ఆవిడ భర్త కిరీటి పెన్ను తీశాడు. దించిన మనిషి మళ్ళీ గడప ఎక్కకూడదు అన్న వాక్యం కింద సంతకం పెట్టి, "శుక్రవారం మూడింటికి నాకు మీటింగుందండీ, మీ పని పదకొండున్నరకల్లా అయిపోతుంది కదా?" అన్నాడు. సువర్చల వాడి మొహంలోకి చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

తిరిగొస్తుంటే లిఫ్టులో మందాకిని కనిపించింది. అరచేతులు పాలిపోయి ఉన్నాయి. గోరింటాకు అసలు పండలేదు. ఒంట్లో వేడి లేకపోతే పండదంటారు.

బుధవారం. 50.

ఐసు చెప్పాను. పందిట్లో దుమ్ము దులిపించాను. సువర్చల లాబీలోకి వచ్చి అద్దం లోంచి పందిరి వైపు చాలాసేపు చూసింది. "ఆ మంచం నాకు పొట్టి, అక్కా" అంది. ఇంకో మంచం లేదని చెప్పాను.

శుక్రవారం. 51.

పదకొండూ పదికి దించాం. కిరీటి లాబీ దాకా వచ్చాడు కానీ గడప దాకా రాలేదు. సువర్చల తన కాళ్ళ మీద తాను నడిచి దాటింది. ఇంతకు ముందు పంతొమ్మిది మందినీ స్ట్రెచర్ మీద మోయించాను, నడిచి దాటినవాళ్ళు ఒక్కరూ లేరు. నా బుర్ర అక్కడే పనిచేసి ఉండాల్సింది.

మనిషి దాటాక చెయ్యి వెనక్కి చాపాలి. నేను లోపల నిలబడి కంకణం విప్పి, పేరు మూడుసార్లు పైకి చదవాలి. అది పద్ధతి. గడప మీదుగా సువర్చల చెయ్యి వచ్చింది, అరచెయ్యి కుంకుమలా పండి ఉంది. కంకణం విప్పి, కళ్ళద్దాలు పెట్టుకుని లోపలి వైపు చూశాను.

మందాకిని అని ఉంది.

ఇద్దరివీ ఆకుపచ్చ పట్టీలే. ఆదివారం నేను తారుమారు చేశాను. సోమవారం సూది మందాకిని రక్తం తీసి సువర్చల పేరు మీద చావు రాసింది.

ఒక్క మాట చాలు, తలుపు ఆగేది. ఆపితే ఎందుకని అడుగుతారు. కంకణాలు ఎవరు తీయించారు, ఎవరు తొడిగారు అని అడుగుతారు. నియమం తప్పిన ఉద్యోగిని ఆ పూటే గడప దాటిస్తారు. బయట యాభై ఒకటి.

"సువర్చల" అని చదివాను. మూడుసార్లు. తలుపు మూసుకుంది.

పరుగున ఎనభై ఎనిమిదో అంతస్తుకి వెళ్ళి చలపతిరావు గారితో ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంకా మూడు గంటలు పైనే ఉంది, భార్యని దించుతారు, ఆ పిల్లని పిలుస్తారు, నన్ను తిడితే తిడతారు అనుకున్నాను. పడకగదిలో మందాకిని రొప్పుతోంది. మా మాటలు ఆవిడకి వినిపించాయి.

"ఏమండీ, ఆ అమ్మాయిని లోపలికి పిలవండి. నన్ను దించెయ్యండి" అంది.

ఆయన వెళ్ళి గది తలుపు దగ్గరికి వేసి వచ్చారు.

"రికార్డులో ఎవరు పోతున్నారు, కాత్యాయనీ?"

"సువర్చల గారండి."

"అయితే సువర్చలే పోతుంది. నువ్వు కిందికెళ్ళు. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు."

"మరి దోషమండీ?"

"మనిద్దరికీ తప్ప ఎవరికి తెలుసు?"

"నక్షత్రానికి తెలుస్తుంది కదండీ."

ఆయన నన్ను చూసి నవ్వారు. మూడూ పదికి ఫోన్ చేసి, "అయిపోయింది, నోరు మూసుకో" అన్నారు. తేలు కుట్టిన దొంగలా నా బల్ల దగ్గర కూర్చున్నాను.

శనివారం. 51.

తొమ్మిదింటికి తలుపు దగ్గరి స్పీకరు మోగింది.

"అక్కా, మూడూ పది దాటి పద్దెనిమిది గంటలైంది. నేనింకా ఉన్నాను."

కొన్నిసార్లు కాస్త ఆలస్యమవుతుందని చెప్పాను. ఐసు నిన్న సాయంత్రమే కరిగిపోయిందట. ఇంకో టవరుకి పొమ్మన్నాను. "కంకణం లేని మనిషిని ఎవరు రానిస్తారక్కా? నీకు తెలియదా?" అంది. తెలుసు.

మధ్యాహ్నానికి ఫిర్యాదులు మొదలయ్యాయి. ఇంకా పోలేదా, పిల్లలు చూసి జడుసుకుంటున్నారు, లాబీ అద్దానికి కర్టెన్ వేయించండి. వేయించాను. కిరీటికి ఫోన్ చేశాను. "తిరిగి ఎక్కకూడదని కాగితంలో రాసుంది కదండీ, మళ్ళీ నన్నెందుకు అడుగుతారు?" అన్నాడు. ఆ కాగితం రాసింది నేనే.

కూరగాయలు దింపే సరుకుల కిటికీ లోంచి బాలమణి ఒక సీసా నీళ్ళు, పొట్లం కట్టిన పులిహోర బయటికి తోసింది. నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను. ఈ వారంలో నేను చేసిన మంచి పని అదొక్కటే, అందులోనూ నేను చేసిందేమీ లేదు.

సోమవారం. 52.

నిన్న కిరీటి మూడో రోజు కర్మ జరిపించాడు. ఇక శాస్త్రప్రకారం కూడా ఆవిడ లేదు.

రేవతి దాకా ఐదు నక్షత్రాలూ దోషమే. బుధవారం అశ్విని వచ్చేదాకా మందాకిని రికార్డులో బతికే ఉండాలని చలపతిరావు గారి లెక్క. అందుకని శుక్రవారం విప్పి దాచిన ఆవిడ కంకణం ఇవాళ పొద్దున్నే నా చేతికి పెట్టుకున్నాను, సూది నా రక్తం తీసుకుని మందాకిని క్షేమం అని రాసింది. తర్వాత పైకి వాళ్ళ ఫ్లాటుకి వెళ్ళాను, ఏసీ అడుక్కి తిప్పి ఉంది. మందాకిని చెయ్యి వాచిపోయి సువర్చల కంకణం కండలోకి దిగింది. లాగితే పట్టీ మెలిపడి లోపలి పేరు పైకి తిరిగింది కానీ ఊడలేదు, కత్తెరకి తెగలేదు. పక్కగదిలోంచి చలపతిరావు గారి తల్లి, "కోడలేదిరా? నాకు మాత్ర వెయ్యడానికి మూడ్రోజుల్నించీ రావట్లేదు" అని అడుగుతోంది. "నిద్రపోతోందమ్మా" అన్నారాయన.

కిందికొచ్చేసరికి బల్ల మీద కబురు. ఆ కంకణం కూడా ఆరింటికే గుచ్చింది కదా. సువర్చల, మరణం నిర్ధారణ.

అప్పుడే స్పీకరు మోగింది. "అక్కా, ఆకలేస్తోంది. పోయేవాళ్ళకి ఇంత ఆకలేస్తుందా?"

స్పీకరు శబ్దం తగ్గించాను.

"నా కంకణం ఎవరి చేతికుందక్కా? ఆ రోజు నువ్వేగా తొడిగింది."

స్పీకరు ఆపేశాను. కర్టెన్ సందులోంచి చూస్తే పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. సందు లేకుండా కర్టెన్ లాగాను.

బుధవారం. 51.

అశ్విని తొమ్మిదింటికి వచ్చింది. మందాకిని గారు బాత్రూంలో జారిపడి తొమ్మిదిన్నరకి పోయారని ప్రకటించాం. నూటపది మంది లాబీలోకి దిగారు. "పుణ్యాత్మురాలు, మంచి నక్షత్రం చూసుకుని పోయింది" అని కళ్ళు తుడుచుకున్నారు. వాచిన చేతుల మీద నేనే బంతిపూలు గుట్టగా పోశాను. మందాకిని కంకణం నా కొంగులో సిద్ధంగా ఉంది. తీసి మూడుసార్లు సరిగ్గా చదివాను. ఎన్నడూ ఇంత నిజం చదవలేదు.

తలుపు తెరిపించాను. బాలమణి పసుపు గిన్నెతో వచ్చి కాళ్ళకి రాసింది. చేతులకి రాయడానికి పూలు పక్కకి జరిపింది. నేను వద్దనేలోపే జరిపింది.

"అగో, ఈడ ఇంకోటున్నది. గిది సువర్చలమ్మది గాదమ్మా? పేరు గూడ గదే ఉన్నది."

ఎవరూ కదల్లేదు. పందిట్లోంచి సువర్చల లేచింది, రేకులు పట్టుకుని, గోడ పట్టుకుని తలుపు దాకా వచ్చింది. పెదవులు పగిలి ఉన్నాయి. పసుపు గడపకి అవతల ఆగి చేతులు రెండూ చాపి చూపించింది. గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. ఇవతల పాడె మీద పాలిపోయిన చేతులు. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యే సంగతి.

"అది నాది. పోవాల్సింది నేను కాదు. నేను బతికే ఉన్నాను, చూడండి" అంది. తర్వాత, "కిరీటీ" అంది.

కిరీటి గోడ మీది గడియారం వైపు చూస్తున్నాడు.

వాళ్ళందరికీ లెక్క తెలుసు. సువర్చల పేరుతో చెప్పిన చావు మందాకినిదైతే, ఆవిడ పోయింది శుక్రవారం, ధనిష్ఠలో, ఇంట్లో. అంటే టవరు ఖాళీ చెయ్యాలి. ఒక్కొక్కరి మొహంలో ఆ లెక్క మొదలవడం చూశాను, మధ్యలో ఆగిపోవడమూ చూశాను. అరవై మూడో అంతస్తు డాక్టరు గారు గొంతు సవరించుకుని, "వంటమనిషికి చదువు సరిగా రాదు" అన్నారు. ఆ రోజు సువర్చల పక్కనే కూర్చుని గోరింటాకు పెట్టించుకున్న ఒకావిడ, "ఏసీ అంతా బయటికి పోతోంది. తలుపు వెయ్యండి కాత్యాయని గారూ" అంది.

పాడె దాటించి తలుపు వేశాను.

గురువారం. 52.

పొద్దున చలపతిరావు గారి మనుషులు వచ్చి సరుకుల కిటికీకి ఇనుపరేకు బిగించారు. బాలమణి వాళ్ళ కాళ్ళ మీద పడింది. "ఒక్క సీసా నీళ్ళు సారూ, ఒక్క సీసా" అని. బిగించాక దాని మీద తాళం వేసి, తాళంచెవి నాకే ఇచ్చారు.

సువర్చల రెండింటికి పోయింది. తలుపు పక్కన గోడ నీడ జానెడు ఉంటుంది, అందులో ఒదిగి కూర్చుని పోయింది. భరణి. ఏ దోషమూ లేదు. తన మంచం మీద హాయిగా పోవచ్చు. కంప్యూటర్లో శుక్రవారమే పోయినట్టు ఉంది కాబట్టి నేను మార్చాల్సిందేమీ లేదు.

నిన్న విన్నవాళ్ళు నూటపది మంది. ఇవాళ్టిదాకా ఒక్క సూట్‌కేసు గడప దాటలేదు. ఎనిమిదేళ్ళ కిందట డేరాల్లో మా తమ్ముడి నోట్లో ఆఖరి చుక్క నీళ్ళు పోసినప్పుడు, ఇదంతా నక్షత్రం వల్ల అనుకున్నాను. పంతొమ్మిది మందిని నమ్మి దించాను. ఈ ఇంట్లో నమ్మింది నేనొక్కదాన్నేనా? నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక గడప రెండోసారి కడిగాను.

నేనూ కదల్లేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా పిడికిలి పెద్దది.

సోమవారం. 50.

నిన్న చలపతిరావు గారు రిపేరు చేయించాలని బాలమణి కంకణం పైకి తెప్పించుకున్నారు. ఇవాళ ఏడింటికి తిరిగి పంపారు. ఆరింటికి సూది ఎవరికి గుచ్చుకుందో నేను అడగలేదు. పైన ఆయన తల్లి రెండు రోజులుగా కళ్ళు తెరవడం లేదట.

బల్ల మీద కబురు ఒక్కటే. బాలమణి, 4వ అంతస్తు. రేపు ఉదయం పదకొండింటికి. పునర్వసు. రెండు నెలల దోషం.

బాలమణి పరుగెత్తుకొచ్చింది. "నాకేమైందమ్మా? మొన్ననే బియ్యం బస్తా ఒక్కదాన్నే ఎత్తిన."

అందరూ అలాగే అంటారని చెప్పబోయాను. కంప్యూటర్ తెర బాలమణి వైపు తిప్పాను.

ఫోన్ మోగింది. "నియమం మనమే పాటించకపోతే ఇంకెవరు పాటిస్తారు, కాత్యాయనీ? పందిరికి ఐసు చెప్పు" అన్నారు చలపతిరావు గారు.

చెప్పాను.

మంగళవారం. 50.

ఏడింటికి దించాం. బాలమణి నడిచే దాటింది. అవతల నిలబడి చెయ్యి వెనక్కి చాపింది. ఆ ఆకంతా రుబ్బిన చెయ్యి కదా, అందరికంటే ఎర్రగా పండింది, ఇంకా వదల్లేదు.

"కండ్లద్దాలు పెట్టుకోని సదువమ్మా" అంది. "మల్ల తప్పయితది."

కళ్ళద్దాలు పెట్టుకున్నాను. కంకణం తిప్పి చూశాను. బాలమణి అనే ఉంది. మూడుసార్లు చదివాను.